స్కోరు పుస్తకం మీ ఒళ్లోనే ఉండాలి

ప్రశ్న: సార్, నమస్కారం. పదేళ్ల వయసులో అమ్మానాన్నలతో గుంటూరు నుంచి అమెరికా వచ్చాను. జర్నలిజం చదివి, ఒహాయోలో ఒక చిన్న పట్టణ దినపత్రికలో స్పోర్ట్స్ రిపోర్టరుగా చేరాను. ఏడాది కావస్తోంది. అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ సీజన్లు సాఫీగానే గడిచాయి. మార్చిలో హైస్కూల్ అబ్బాయిల బేస్‌బాల్, దాన్ని పోలిన అమ్మాయిల సాఫ్ట్‌బాల్ మొదలయ్యాక నా ఓపిక అడుగంటింది. వాన పడితే మ్యాచ్ ఉందో లేదో చెప్పే నాథుడు ఉండడు. ఒకే సాయంత్రం రెండు చోట్ల రెండు మ్యాచ్‌లు పెడతారు. జాబితాలో ఒక నంబరు ఉంటుంది, పిల్లవాడి చొక్కా మీద ఇంకో నంబరు ఉంటుంది. ఓడిన కోచ్ ఫోన్ ఎత్తడు. హిట్ (బ్యాటర్ ఘనత) అని రాయాల్సిన చోట ఎర్రర్ (ఫీల్డరు పొరపాటు) అని రాశానని తల్లిదండ్రులు ఈమెయిళ్లు పంపుతారు. రాత్రి పదింటికి పేజీ వెళ్లిపోవాలి, ఏడింటికి మొదలైన ఆట తొమ్మిదిన్నరకు గాని తెమలదు. ఇంత కష్టపడి అమ్మాయిల సాఫ్ట్‌బాల్ గురించి రాస్తే అది లోపలి పేజీలో నాలుగు లైన్లయి కనిపిస్తుంది. "చలిలో కూర్చుని పిల్లల ఆటలు రాయడానికా ఇంత చదువు చదివింది?" అని అమ్మ బాధపడుతోంది. లోపం నాలో ఉందా, పనిలో ఉందా? ఈ విభాగం వదిలేసి ఇంకేదైనా చూసుకోమంటారా?

సమాధానం: అమ్మా, లోపం మీలో లేదు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ సాఫీగా గడవడానికి కారణాలున్నాయి. ఫుట్‌బాల్ వారానికి ఒక్కసారి, చాలావరకు శుక్రవారం రాత్రి. గడియారం నడుస్తుంటుంది. బంతి ఎవరి చేతిలో ఉందో మైకులో పేరుతో సహా చెబుతుంటారు. కూర్చోవడానికి ప్రెస్ బాక్స్, రాసుకోవడానికి బల్ల ఉంటాయి. బాస్కెట్‌బాల్‌కు నెత్తిన కప్పయినా ఉంటుంది. మీరిప్పుడు చూస్తున్న ఆటలకు ఇవేవీ లేవు. మార్చి చివర మొదలుపెట్టి మే నెల ముగిసేలోపు ఒక్కో జట్టు ఇరవైకి పైగా మ్యాచ్‌లు ఆడాలి. అందులో సగం రోజులు ఒహాయో వాన, ఒహాయో చలి. ఆటకు గడియారం లేదు. ఏడు ఇన్నింగ్స్ ఒకరోజు గంటన్నరలో ముగుస్తాయి, పిచర్‌కు, అంటే బంతి వేసేవాడికి, బంతి అదుపులోకి రాని రోజున మూడు గంటలు సాగుతాయి. పైగా అమెరికాలో 2005 నుంచి మూడో వంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి. నిలబడిన చిన్న పత్రికల్లో చాలావాటిలో ఒకప్పుడు ముగ్గురు చేసిన పనిని ఒక్కరు మోస్తున్నారు. ఆ బరువును మీ చేతకానితనంగా లెక్క వేసుకోకండి.

నేను చాలా ఏళ్లు ఇలాంటి పట్టణాల్లో ఇవే ఆటలు రాశాను. ఆ అనుభవంతో మీ ఉత్తరం చదివితే ఒక సంగతి కనిపించకపోవడం నాకు కలవరం కలిగించింది. జాబితాల గురించి, ఫోన్ల గురించి, ఈమెయిళ్ల గురించి రాశారు గాని, మ్యాచ్ చూస్తూ మీరు స్వయంగా స్కోరు పుస్తకం (ఒక్కో బ్యాటర్‌కు ఏం జరిగిందో గడుల్లో నమోదు చేసే పుస్తకం) రాస్తున్నట్టు ఎక్కడా చెప్పలేదు. నోటు పుస్తకంలో ముఖ్యమైన ఘట్టాలు రాసుకుని, మిగతాది ఎవరో తల్లో తండ్రో ఫోన్ యాప్‌లో నమోదు చేసిన లెక్కల నుంచో, కోచ్ పంపిన సందేశం నుంచో తీసుకుంటున్నారని నా అనుమానం. చాలామంది కొత్త విలేకరులు అలాగే చేస్తారు. అదే నిజమైతే మీ కష్టాల్లో సగానికి మూలం అక్కడే ఉంది. సోమవారం నుంచి ప్రతి మ్యాచ్‌కూ, ప్రతి బంతికీ మీ పుస్తకం మీరే రాయండి. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే.

మీరు క్రికెట్ చూసి పెరిగిన ఇంటి పిల్ల కనుక ఒక ముచ్చట చెబుతాను. బేస్‌బాల్ మ్యాచ్‌ను అంకెలుగా కాగితం మీదికి తెచ్చిన పెద్దమనిషి హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండ్‌లో పుట్టి, చిన్నతనంలోనే బ్రూక్లిన్ చేరాడు. న్యూయార్క్ పత్రికలకు ఆయన ముందు రాసింది క్రికెట్. 1850ల మధ్యలో, క్రికెట్ మ్యాచ్ చూడటానికి వెళ్లిన చోటే బేస్‌బాల్ ఆయన మనసును పట్టేసింది. క్రికెట్ స్కోరు కార్డు చూసి అలవాటైన కన్నుతోనే బేస్‌బాల్‌కు బాక్స్ స్కోరు (మ్యాచ్ అంకెల పట్టిక) తయారుచేశాడు. స్ట్రైకౌట్‌కు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ ఔటవడానికి) నేటికీ అందరూ రాసే 'కె' అక్షరం కూడా ఆయన పెట్టిందేనని చెబుతారు. 1938లో ఆయనకు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. అంటే మీ ఇంట్లో క్రికెట్ చూస్తూ వచ్చిన లెక్కల అలవాటు ఈ ఆటకు పరాయిది కాదు. ఈ పుస్తకం క్రికెట్ విలేకరి చేతిలోనే పుట్టింది.

పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. మైదానంలో ఒక్కో స్థానానికి ఒక్కో అంకె. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, ఎడమ నుంచి కుడికి ఔట్‌ఫీల్డర్లు 7, 8, 9. గడిలో 6-3 అని ఉంటే షార్ట్‌స్టాప్ బంతి అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరి ఔట్ చేశాడన్నమాట. ఇది రెండు వారాల్లో చేతికి అలవాటవుతుంది. ఆ అలవాటు వల్ల మీ కథ ఎలా మారుతుందో ఒక ఇన్నింగ్స్ తీసుకుని చూద్దాం.

ఆరో ఇన్నింగ్స్. ఇద్దరు ఔటయ్యారు (మూడో ఔట్‌తో ఇన్నింగ్స్ ముగుస్తుంది), బేసులు ఖాళీ. మూడో బ్యాటర్ కొట్టిన బంతి నేల మీద నెమ్మదిగా దొర్లుతూ సెకండ్ బేస్ ఆటగాడి దగ్గరకు వచ్చి, అతని కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోయింది. తర్వాతి బ్యాటర్‌కు వాక్, అంటే నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా ఫస్ట్ బేస్. ఆ తర్వాత డబుల్ (రెండో బేసు దాకా తీసుకెళ్లే హిట్), ఇద్దరూ ఇంటికి, అంటే హోమ్ ప్లేట్‌కు, చేరి రెండు పరుగులు వచ్చాయి. ఆపై సింగిల్, ఇంకో పరుగు. తర్వాతి బ్యాటర్ ఔట్. మ్యాచ్ 4-2తో పోయింది. పుస్తకం లేని విలేకరి "ఆరో ఇన్నింగ్స్‌లో పిచర్ పట్టు కోల్పోయి మూడు పరుగులు ఇచ్చాడు" అని రాస్తాడు. మీ పుస్తకంలో ఆ ఎర్రర్ పక్కన ఇద్దరు ఔట్ అని కనిపిస్తుంది. ఆ బంతి అందుకుని ఉంటే ఇన్నింగ్స్ అక్కడే ముగిసేది, కనుక ఆ మూడు పరుగుల్లో ఒక్కటి కూడా పిచర్ ఖాతాలోకి రాదు. ఏడు ఇన్నింగ్స్ మొత్తంలో అతను నిజంగా ఇచ్చింది ఒక్క పరుగు. ఓడిన జట్టులో ఆ రోజు అందరికన్నా బాగా ఆడింది ఆ పిల్లవాడేనేమో. ఆ సంగతి మర్నాడు పట్టణమంతా చదువుతుందా, లేక పిచర్ కుప్పకూలాడని చదువుతుందా అన్నది మీ ఒళ్లో ఉన్న కాగితం తేలుస్తుంది.

బంతుల లెక్క కూడా వేయండి. గడి మూలన చిన్న గీతలు చాలు. 2017 నుంచి ప్రతి రాష్ట్రంలో హైస్కూల్ బేస్‌బాల్ పిచర్ రోజుకు ఎన్ని బంతులు వేయవచ్చో, ఆ తర్వాత ఎన్ని రోజులు విశ్రాంతి తీసుకోవాలో పరిమితి తప్పనిసరిగా ఉండాలి. పరిమితి ఎంతన్నది రాష్ట్రాలు నిర్ణయించుకుంటాయి. ఆధిక్యంలో ఉన్న జట్టు ఐదో ఇన్నింగ్స్‌లో తన మేటి పిచర్‌ను ఎందుకు తీసేసిందో గ్యాలరీలో ఎవరికీ అర్థం కాదు. మీ గీతలు లెక్కపెడితే మీకు అర్థమవుతుంది: కోచ్ అతన్ని గురువారం మ్యాచ్ కోసం దాచుకుంటున్నాడు. వానకు మంగళవారం మ్యాచ్ బుధవారానికి జరిగితే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. ఆ తిప్పలు కూడా కథే.

నంబర్ల గొడవకు ఒకటే మందు. ఆట మొదలవడానికి అరగంట ముందు అక్కడుండండి. వెబ్‌సైటులో ఉన్న జాబితా ఫిబ్రవరి నాటిది. ఆ తర్వాత జూనియర్ జట్టు నుంచి ఇద్దరు పైకి వచ్చి ఉంటారు, దొరికిన చొక్కా తొడుక్కుని ఉంటారు. నేరుగా ఆతిథ్య జట్టు స్కోరరు దగ్గరకు వెళ్లండి. హైస్కూల్ నిబంధనల ప్రకారం, అంపైర్ ఇంకెవరినైనా నియమిస్తే తప్ప, ఆతిథ్య జట్టు పుస్తకమే అధికారిక పుస్తకం. ఆమె దగ్గర (చాలాచోట్ల అది ఒక విద్యార్థినో, టీచరో అయి ఉంటుంది) రెండు జట్ల బ్యాటింగ్ వరుస ఉంటుంది. దాన్ని మీ పుస్తకంలోకి ఎక్కించుకోండి. పేరును మాత్రం చెవితో విని రాయకండి, చూసి రాయండి. కేట్లిన్ అనే ఒక్క పేరును ఈ దేశంలో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. మన పేర్లు ఇక్కడ ఎలా నలిగిపోతాయో, తప్పుగా అచ్చయిన పేరు చూసుకుంటే ఎలా ఉంటుందో మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ పిల్లకు ఆ బాధ కలిగించకండి.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. కుడిచేతి బ్యాటర్ వీపు థర్డ్ బేస్ వైపు ఉంటుంది. హోమ్ ప్లేట్ వెనుక తెరకు కాస్త ఎడమగా, అంటే థర్డ్ బేస్ వైపు కూర్చుంటే చొక్కా నంబర్లు చాలావరకు కంటికి ఆనుతాయి. తల్లిదండ్రుల మధ్యలో మాత్రం కూర్చోవద్దు. వాళ్లు మంచివాళ్లే, కానీ మూడో ఇన్నింగ్స్ వచ్చేసరికి "అది హిట్టే కదా?" అని మిమ్మల్ని న్యాయనిర్ణేతను చేస్తారు. పెన్ను బదులు పెన్సిలు వాడండి. చినుకులు పడితే సిరా పాకిపోతుంది, ఏప్రిల్ చలికి పెన్ను మొరాయిస్తుంది.

ఇక ఆ ఈమెయిళ్లు. హిట్టా, ఎర్రరా అనేది స్కోరరు నిర్ణయం. సాధారణ ప్రయత్నంతో ఆ ఫీల్డరు ఔట్ చేయగలిగేవాడా అన్నదే కొలత. ఫీల్డరు ఏ బేసుకు విసరాలో తేల్చుకోలేక తడబడితే అది ఎర్రర్ కాదు, బంతి గ్లౌజుకు తగలనంత మాత్రాన హిట్టూ కాదు. ఇందులో సగటు మనిషి కంటే మీకు ఎక్కువ తెలిసి ఉండాలి, నిబంధనల పుస్తకంలో ఆ అధ్యాయం ఈ వారమే చదివేయండి. కానీ కథలో తీర్పు చెప్పనవసరం లేదు. "బంతి షార్ట్‌స్టాప్ గ్లౌజుకు తగిలి పక్కకు జారింది, ఈలోగా థర్డ్ బేస్ నుంచి రన్నర్ ఇంటికి చేరాడు" అని చూసింది చూసినట్టు రాయండి. చదివినవాళ్లకు ఆట కళ్లకు కడుతుంది, తగువుకు తావుండదు. బాక్స్ స్కోరులో అధికారిక పుస్తకంలో ఉన్నదే వేయండి. ఈమెయిల్ వస్తే మర్యాదగా రెండే వాక్యాలు: "అధికారిక పుస్తకంలో అలా ఉంది. మార్పు ఉంటే కోచ్ ద్వారా తెలియజేయండి, మేమూ సవరిస్తాం."

ఆ తండ్రి ఎందుకంత మండిపడుతున్నాడో కూడా ఒకసారి ఆలోచించండి. డివిజన్ 1 (అగ్రశ్రేణి) కాలేజీ బేస్‌బాల్ జట్టుకు మొన్నమొన్నటి దాకా ఉన్న స్కాలర్‌షిప్పులు 11.7. ముప్పై మందికి పైగా ఉండే జట్టులో వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు చాలా కాలేజీల్లో ఆ పద్ధతి మారినా, అక్కడ జట్టులో చోట్లకు 34 అని హద్దు పెట్టారు. ఎనిమిదేళ్ల వయసు నుంచి కొడుకును ప్రతి వారాంతం టోర్నమెంట్లకు తిప్పిన మనిషికి ఒక్క హిట్టు కూడా ఆస్తిలా కనిపిస్తుంది. ఆయన చెప్పినట్టు రాయనక్కరలేదు, కానీ ఆయన్ని శత్రువుగా చూడనక్కరలేదు. పుస్తకం మీ దగ్గరుంటే ఆ ఈమెయిల్ చదివి నిద్ర పాడుచేసుకునే అవసరం కూడా ఉండదు.

కోచ్‌ల విషయం. మ్యాచ్ అయ్యాక కోచ్ పిల్లలందరినీ ఔట్‌ఫీల్డ్‌లో కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఓడిన రోజున అది ఇరవై నిమిషాలైనా తెగదు. మీరు కంచె దగ్గర నిలబడి గడియారం చూసుకుంటుంటారు. అందుకే ఆట మొదలవకముందే ఇద్దరు కోచ్‌లనూ పలకరించండి. "తొమ్మిదీ నలభైకల్లా పంపాలి, ఆట అవగానే పిల్లలతో కూర్చునే ముందు రెండు నిమిషాలివ్వండి" అని అడగండి. ముందే అడిగితే కాదనే కోచ్‌లు తక్కువ. ఇక ఆ రెండు నిమిషాల్లో "ఎలా అనిపిస్తోంది?" అని అడిగితే ఫోన్ ఎత్తని కోచ్ నోరూ విప్పడు. పుస్తకం చూసి అడగండి: "ఐదో ఇన్నింగ్స్‌లో వాళ్ల నాలుగో బ్యాటర్‌ను కావాలనే వాక్‌కు పంపారు కదా, వెనక వచ్చే అబ్బాయి అప్పటికే రెండు హిట్లు కొట్టాడు. ఏమాలోచించారు?" కోచ్ ముఖంలో మార్పు మీకే కనిపిస్తుంది. ఈ అమ్మాయి ఆట చూసింది, ఊరికే రాలేదు అని అతనికి తెలిసిపోతుంది. వచ్చేసారి ఫోన్ ఎత్తేది అందుకే. అప్పటికీ మాట్లాడకపోతే వదిలేయండి. మీ పుస్తకం నిండుగా ఉంటే కోచ్ మాట లేకుండానే కథ నిలబడుతుంది.

వాన గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఆట మొదలయ్యేదాకా నిర్ణయం ఆతిథ్య స్కూలుది, మొదలయ్యాక అంపైర్లది. మధ్యాహ్నం రెండింటికి అథ్లెటిక్ డైరెక్టరుకు (స్కూలు ఆటల అధికారికి) కాదు, ఆయన ఆఫీసులో ఉండే సెక్రటరీకి ఫోన్ చేయండి. సందర్శక జట్టు బస్సు రద్దయిందా లేదా అన్నది అందరికన్నా ముందు తెలిసేది ఆమెకే. ఉరిమితే చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి, మళ్లీ ఉరిమితే మళ్లీ ముప్పై. ఐదు ఇన్నింగ్స్ పూర్తయితే ఆట లెక్కలోకి వస్తుంది, ఆతిథ్య జట్టు ముందుంటే నాలుగున్నర చాలు. ఇవి గుర్తుంటే ఎప్పుడు కారులోకి వెళ్లి రాయడం మొదలుపెట్టాలో మీరే అంచనా వేసుకోగలరు.

గడువు విషయంలో నా మాట గట్టిగా వినండి. ఆట ముగిశాక రాయడం మొదలుపెట్టకండి. ఐదో ఇన్నింగ్స్ ముగిసేసరికి ఒళ్లో ఒక పేజీ తయారై ఉండాలి: ఇప్పటిదాకా పరుగులు ఎలా వచ్చాయి, పిచర్లు ఎలా వేస్తున్నారు, ఈ గెలుపు లీగ్ పట్టికలో ఎవరికి కావాలి. పై పేరా మాత్రం ఖాళీగా ఉంచండి. ఆరో ఇన్నింగ్స్‌లో ఆతిథ్య జట్టు గెలిస్తే ఒకటి, సందర్శకులు గెలిస్తే ఒకటి, రెండు మొదటి వాక్యాలు రాసిపెట్టుకోండి. ఆఖరి ఔట్ పడగానే ఒకటి చెరిపేసి, కోచ్ మాట కలిపి పంపడమే. మొదటి ఇన్నింగ్స్ నుంచి వరుసగా ఏకరువు పెట్టకండి. 7-1 మ్యాచ్‌లో మూడో పరుగు ఎలా వచ్చిందో ఎవరికీ అక్కరలేదు. ఆటను మలుపు తిప్పిన ఒక్క ఇన్నింగ్స్ పట్టుకుని, దానికి సగం స్థలం ఇవ్వండి.

ఒకే సాయంత్రం రెండు మ్యాచ్‌లుంటే రెండూ చూడాలని పరిగెత్తకండి. రెండు మైదానాలు పక్కపక్కనే ఉన్నా సరే, అటు మూడు ఇన్నింగ్స్, ఇటు నాలుగు చూస్తే చేతిలో ఏదీ మిగలదు. ఒకటి ఎంచుకుని పూర్తిగా చూడండి. రెండో దానికి అధికారిక పుస్తకం పేజీని ఫోటో తీసి పంపమని స్కోరరును ముందే అడగండి. పుస్తకం చదవడం మీకు వచ్చు కనుక ఆ ఫోటో నుంచి చక్కటి నాలుగు పేరాలు రాయగలరు. ఇక్కడ మాత్రం అమ్మాయిల మ్యాచ్ ఎప్పుడూ ఆ "రెండోది" కాకూడదు.

మీరు చెప్పిన కష్టాల్లో నాకు కోపం తెప్పించింది సాఫ్ట్‌బాల్ నాలుగు లైన్ల సంగతే. వాన, గడువు, నంబర్లు ఈ పనితో పుట్టినవి, వాటితో సర్దుకుపోవాలి. దీనితో సర్దుకుపోకండి. సాఫ్ట్‌బాల్‌ను తేలికైన ఆటగా చూసేవాళ్లను ఒకసారి తెర వెనుక నిలబెట్టాలి. హైస్కూల్ అమ్మాయిలకు పిచింగ్ దూరం 43 అడుగులు. బేస్‌బాల్‌లో అది 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 60 మైళ్ల వేగంతో వచ్చే బంతికి ఆ 43 అడుగులు దాటడానికి అర సెకను పట్టదు. బేసుల మధ్య దూరం 90 కాదు, 60 అడుగులే. అందువల్ల షార్ట్‌స్టాప్ బంతిని ఒక్కసారి గ్లౌజులో సర్దుకునేలోపు రన్నర్ బేసు చేరిపోతుంది. ఎడమచేతి బ్యాటర్ పిచర్ వైపు పరుగెత్తుతూనే బంతిని చరిచి, అదే ఊపులో ఫస్ట్ బేస్‌కు దూసుకుపోవడం చూశారు కదా, బేస్‌బాల్‌లో అలాంటి దృశ్యం కనబడదు. ఆ అమ్మాయి మొదటి అడుగు ఎప్పుడు వేస్తుంది, అది చూసి థర్డ్ బేస్ ఆటగత్తె ఎంత ముందుకు వస్తుంది అని గమనించి రాయండి. పాఠకులకు అది కొత్తగా ఉంటుంది.

ఇంకో పెద్ద కథ మీ కళ్లముందే ఉంది. బంతుల పరిమితి తప్పనిసరి అని చెప్పానే, అది అబ్బాయిల బేస్‌బాల్‌కు. సాఫ్ట్‌బాల్‌కు జాతీయ స్థాయిలో అలాంటి నిబంధన లేదు. చేయి కింది నుంచి తిప్పి వేసే పిచింగ్ వల్ల భుజానికి ప్రమాదం లేదని చాలాకాలంగా ఒక నమ్మకం ఉంది. అందుకే చాలా స్కూళ్లలో ఒకే అమ్మాయి సోమ, మంగళ, గురువారాలు వరుసగా ఏడేసి ఇన్నింగ్స్ వేస్తుంది. మీ పుస్తకంలో సీజన్ మొదటి నుంచి గీతలుంటే, ఆ అమ్మాయి వారానికి ఎన్ని బంతులు వేసిందో పట్టణంలో తెలిసిన ఏకైక విలేకరి మీరే అవుతారు. ఆమెతో, కోచ్‌తో, ఒక క్రీడా వైద్యుడితో మాట్లాడండి. అది లోపలి పేజీలో నాలుగు లైన్లలో ఇమడదు.

మైదానాలు కూడా చూడండి. బేస్‌బాల్ మైదానానికి దీపాలు, పని చేసే స్కోరు బోర్డు, డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) మీద కప్పు ఉండి, పక్కనే సాఫ్ట్‌బాల్ మైదానంలో అమ్మాయిలు బెంచీ మీద వానలో తడుస్తుంటే అది స్కూలు బడ్జెట్ సమస్య మాత్రమే కాదు. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రభుత్వ నిధులు తీసుకునే స్కూళ్లలో ఆడపిల్లల ఆటలకు కూడా సమాన వసతులు ఉండాలంటుంది. పత్రిక ఎంత స్థలం ఇవ్వాలో ఆ చట్టం చెప్పదు, అది మీ ఎడిటర్ మనస్సాక్షికి సంబంధించినది. ఆయనతో మాట్లాడేటప్పుడు "మీరు వివక్ష చూపిస్తున్నారు" అని మొదలుపెట్టకండి. ఈ సీజన్‌లో ఇప్పటిదాకా బేస్‌బాల్‌కు ఎన్ని పూర్తి కథలు, ఎన్ని ఫోటోలు వచ్చాయో, సాఫ్ట్‌బాల్‌కు ఎన్ని వచ్చాయో ఒక కాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టండి. రోజు విడిచి రోజు పద్ధతి అడగండి: మంగళవారం అబ్బాయిలది పూర్తి కథ అయితే గురువారం అమ్మాయిలది. సాఫ్ట్‌బాల్ సాధారణంగా త్వరగా ముగుస్తుంది, గడువుకు కూడా అదే అనుకూలం అని చెప్పండి. ఎడిటర్లు ఆ మాట వింటారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. వీళ్లు పదిహేను, పదహారేళ్ల పిల్లలు. జీతం తీసుకుని ఆడే ఆటగాడి తప్పును పేరుతో రాసినట్టు వీళ్ల తప్పును రాయకూడదు. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక అమ్మాయి విసిరిన బంతి ఫస్ట్ బేస్ మీదుగా వెళ్లి రెండు పరుగులు వచ్చి, మ్యాచ్ పోయిందనుకోండి. ఆ సంగతి దాచలేం, అది ఫలితాన్ని తేల్చింది. "ఫస్ట్ బేస్‌కు విసిరిన బంతి గురి తప్పడంతో ఇద్దరు ఇంటికి చేరారు" అంటే సరిపోతుంది. ఎవరు విసిరారో మైదానంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అదే అమ్మాయి రెండో ఇన్నింగ్స్‌లో గాలిలోకి దూకి పట్టిన క్యాచ్ మీ పుస్తకంలో ఉంటే, దానికి మాత్రం పేరు పెట్టి రాయండి. ఓడిపోయి ఏడుస్తున్న పిల్లను మాట్లాడమని అడగకండి, కోచ్ పంపినా సరే.

అమ్మగారి మాటకు వస్తే, ఆమె బాధ నాకు అర్థమైంది. ఈ పిల్లల్లో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంఘం) స్థాయి కాలేజీ జట్లకు వెళ్లేవాళ్లు నూటికి పది మంది కూడా ఉండరు. మిగతా వాళ్లలో చాలామందికి వాళ్ల ఆట గురించి అచ్చులో వచ్చేది మీరు రాసిందే. వాళ్లు పెద్ద ఆటగాళ్లు కారు కనుక ఆ రాత చిన్నది అనుకుంటే నేను ఒప్పుకోను. ఒక మ్యాచ్‌కు అమ్మను వెంట తీసుకెళ్లండి, ఎండ కాసే మే నెల సాయంత్రం అయితే మరీ మంచిది. మీ పుస్తకంలో బంతుల గీతలు ఆమెతో గీయించండి. మీరు అక్కడ ఏం చేస్తున్నారో ఆమె కళ్లారా చూడటం అవసరం.

మానేయాలా అన్న ప్రశ్నకు ఏప్రిల్‌లో సమాధానం చెప్పుకోకండి. జిల్లా, ప్రాంతీయ టోర్నమెంట్లు మే నెలలో వస్తాయి. ఓడితే ఇంటికి వెళ్లే ఆటలవి, వాతావరణమూ కుదుటపడుతుంది. అవి రాసి చూడండి. మీ పుస్తకం పద్ధతి ఒక నెల నడిచాక కూడా మైదానానికి వెళ్లాలంటే కాళ్లు రాకపోతే, అప్పుడు వేరే విభాగం అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఇంకో సంగతి విడిగా తేల్చుకోండి. వారానికి మీరు నిజంగా ఎన్ని గంటలు పని చేస్తున్నారు, ఎన్ని గంటలకు జీతం వస్తోంది? ప్రయాణం, వానలో ఎదురుచూపు, రాత్రి కారులో కూర్చుని రాయడం అన్నీ పని గంటలే. మీ అలసటకు మూలం అక్కడ ఉంటే దాన్ని స్కోరు పుస్తకం తీర్చదు. ఈ వారం ప్రతి రాత్రీ గంటలు రాసిపెట్టుకుని, సాఫ్ట్‌బాల్ కాగితంతో పాటు ఆ కాగితం కూడా ఎడిటర్ దగ్గరకు తీసుకెళ్లండి. వాన పడి మ్యాచ్ రద్దయిన రోజున సెలవు ఇమ్మని, లేదా నెలకు కొన్ని మ్యాచ్‌లకు బయటి విలేకరిని పంపమని అడగండి. ఆయన ఏ జవాబిచ్చారో నాకు రాయండి. ఆ తర్వాత ఉద్యోగం సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.